పాత లాప్‌టాప్‌కు తెర మార్చడం ఆఖరి పని కావాలి

నా బీరువా కింది అరలో తెర లేని లాప్‌టాప్ ఒకటి ఉంది. 2007 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్61 టాబ్లెట్ అది. మదర్‌బోర్డు బాగుంది, కీబోర్డు మీద అక్షరాలు కూడా చెరగలేదు, బయటి మానిటర్ తగిలిస్తే ఇప్పటికీ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. దానికి తెర లేకుండా చేసింది నేనే. మూత విప్పి, అందులోని 12.1 అంగుళాల ప్యానెల్‌ను తీసి, అదే ఏటి మామూలు ఎక్స్61లో బిగించాను. ఆ మామూలు ఎక్స్61 తెరకు అప్పటికి చెప్పుకోదగిన జబ్బేమీ లేదు. వెలుతురు కొంచెం తగ్గింది, కింది నుంచి చూస్తే రంగులు తిరగబడేవి, అంతే. మెరుగైన తెర వస్తుందన్న ఉత్సాహంలో, పనిచేస్తున్న ఒక యంత్రాన్ని విడిభాగాల మూటగా మార్చేశాను. ఆ తర్వాత కొన్నేళ్లుగా నాలో స్థిరపడిన ఒక అభిప్రాయాన్ని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. పాత లాప్‌టాప్ తెర పాడైందనగానే ప్యానెల్ మార్చడం మనకు మొట్టమొదట తోచే పని అయింది. అది ఆఖరున, మిగిలిన దారులన్నీ మూసుకుపోయాక చేయవలసిన పని.

ఫలితం బాగాలేదని నేను అనడం లేదు. 1024×768 చుక్కల స్థానంలో 1400×1050 వచ్చాయి. అంగుళానికి సుమారు 106 చుక్కలు ఉన్నచోట 145 అయ్యాయి. ఏఎఫ్ఎఫ్ఎస్ పద్ధతిలో తయారైన ఆ ప్యానెల్‌ను ఎటునుంచి చూసినా రంగు తేడా రాదు, అక్షరం అంచు పదునుగా కనిపిస్తుంది. పాత థింక్‌ప్యాడ్‌లను ఇష్టపడేవారు హెచ్‌వీ121పీ01-100 అనే ఆ ప్యానెల్ సంఖ్యను నోటికి నేర్చుకుని మరీ వెతికేవారు. వారిలో నేనూ ఒకణ్ణి. అయితే పని మొదలుపెట్టేనాటికి నా ముందు రెండు నిండైన యంత్రాలు ఉండేవి, పూర్తయ్యేసరికి ఒకటే మిగిలింది. బాగుచేస్తున్నాననుకుంటూ నేను చేసింది అదీ.

ఈ లెక్క నా ఒక్కడిదే అయితే ఇంత దూరం చెప్పనక్కరలేదు. ఇరవై, ముప్పై ఏళ్ల నాటి లాప్‌టాప్‌లో బిగించే ప్రతి ప్యానెల్ ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి. వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉండి, పలుచని లాప్‌టాప్ మూతలో ఇమిడే ప్యానెళ్ల తయారీ 2000ల దశకం చివరికల్లా దాదాపు నిలిచిపోయింది. ఎక్స్61 తర్వాత 2008లో వచ్చిన ఎక్స్200కే తెర 16:10 అయింది. మరి రెండు మూడేళ్లలో పరిశ్రమ మొత్తం 16:9 వైపు జరిగిపోయింది. పెద్ద గాజు పలకను వృథా లేకుండా కోసుకోవడానికీ, టీవీల కొలతలతో కలిసిపోవడానికీ ఆ నిష్పత్తి తయారీదారులకు అనుకూలించింది. కర్మాగారాల యంత్రాలకు, వైద్య పరికరాలకు వాడే 10.4, 12.1, 15 అంగుళాల 4:3 ప్యానెళ్లు ఇప్పటికీ తయారవుతున్నాయన్నది నిజమే. కానీ వాటి మందం వేరు, బిగించే చెవులు వేరు, కనెక్టరు వేరు. ఆరు మిల్లీమీటర్ల చోటు కూడా లేని మూతలో అవి కూర్చోవు. అందువల్ల ఈనాడు "కొత్తది" అని అమ్మే పాత లాప్‌టాప్ ప్యానెల్ ఎవరి గిడ్డంగిలోనో మిగిలిపోయిన నిల్వ అయినా అయి ఉండాలి, లేదా నా బీరువాలో ఉన్నటువంటి ఒక యంత్రం నుంచి ఊడదీసినదైనా అయి ఉండాలి. నిల్వలు తరిగేవే తప్ప పెరిగేవి కావు. కాబట్టి ఒక ప్యానెల్‌ను పారవేయడం ఆ యంత్రం ఒక్కదానికే సంబంధించిన సొంత విషయం అని నేను ఇప్పుడు అనుకోలేకపోతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. "తెర పోయింది" అనే మాట మనం చాలా తొందరగా అనేస్తాం. ప్యానెల్ అంటే ఒకే వస్తువు అనిపిస్తుంది గాని, విప్పి చూస్తే అది ఒక దొంతర. అన్నిటికంటే వెనుక తెల్లని ప్రతిఫలన కాగితం, దానిమీద వెలుతురును అంచు నుంచి లోపలికి నడిపించే అక్రిలిక్ పలక, ఆపైన వెలుతురును చెదరగొట్టే పొర, సన్నని గీతలు గల ప్రిజం పొరలు, ఆ తర్వాత వెనుక పోలరైజర్ (వెలుతురును ఒకే దిశలో కంపించేలా వడకట్టే పొర) అంటించిన గాజు, రెండు గాజుల నడుమ ద్రవస్ఫటికం (లిక్విడ్ క్రిస్టల్), ముందు పోలరైజర్. పలక అంచున వెలుతురునిచ్చే సన్నని గొట్టం ఉంటుంది. గాజు అంచుల వెంట డ్రైవర్ చిప్పులు మోసే పలుచని రిబ్బన్లు, వాటికి ఆజ్ఞలిచ్చే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. వీటిలో నిజంగా మన చేతికి లొంగనిది గాజు, దానిలోని ద్రవస్ఫటికం మాత్రమే. సాధారణంగా ముందుగా చచ్చేవి తక్కినవి. గొట్టం వెలగడం లేదని దొంతర మొత్తాన్ని పారేయడం, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఏ పొర పోయిందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మొదట బయటి మానిటర్ తగిలించి చూడాలి. అక్కడ బొమ్మ శుభ్రంగా వస్తే గ్రాఫిక్స్ చిప్పు మీద అనుమానం తీరిపోతుంది. ఆ తర్వాత గదిలో దీపం ఆర్పి, నల్లగా ఉన్న తెర మీదికి టార్చిని ఏటవాలుగా వేసి దగ్గరగా చూడాలి. నీడలాగా, చాలా మసకగా, మెనూలు గానీ కిటికీలు గానీ కనిపిస్తే గాజు బతికే ఉంది, పోయినది వెలుతురు. తెర మొత్తం తెల్లగా వెలుగుతూ బొమ్మ లేకపోతే, వెలుతురు బాగుంది, సంకేతమో లేదా ప్యానెల్‌కు వెళ్లే కరెంటో అందడం లేదు. పాత లాప్‌టాప్‌లలో మామూలుగా ఉండే టీఎన్ రకం గాజుకు వోల్టేజీ అందనప్పుడు వెలుతురును అడ్డుకోకుండా వదిలేయడమే స్వభావం. మూతను కదిలించినప్పుడు రంగులు మారినా, బొమ్మ వచ్చిపోయినా, కీలు దగ్గర వంగి వంగి నలిగిన కేబుల్‌ను చూడాలి. మూత మూసినట్టు చెప్పే చిన్న అయస్కాంతపు స్విచ్చి అతుక్కుపోయినా తెర చీకటి అవుతుంది. ఆ ఒక్క కారణానికే ప్యానెల్ మార్చినవారిని నేను ఎరుగుదును.

నా దగ్గర 14.1 అంగుళాల తెర గల మరో పాత లాప్‌టాప్ ఉంది. అది మొదట వేసినప్పుడు గులాబీ రంగులో వెలిగి, పది నిమిషాలకు తెల్లబడేది. తర్వాత ఎంతసేపు ఉంచినా ఎరుపు వదలలేదు. ఒకరోజు వెలిగి రెండు సెకన్లలో ఆరిపోయింది. ఎక్స్61 విషయంలో చేసిన తప్పు గుర్తుండబట్టి ఈసారి టార్చి తీశాను. డెస్క్‌టాప్ మీద ఉన్న ఒక్కొక్క ఐకాన్ పేరూ చదవగలిగాను. ప్యానెల్ అంతా ఆరోగ్యంగా ఉంది. లోపల రెండు మిల్లీమీటర్ల మందం గల ఒక గాజుగొట్టం మాత్రం వయసైపోయింది.

ఆ గొట్టం పేరు సీసీఎఫ్‌ఎల్, అంటే కోల్డ్ క్యాథోడ్ ఫ్లోరసెంట్ ల్యాంప్. ఇంట్లో వాడే ట్యూబులైటుకు దూరపు చుట్టం. గొట్టంలో కొద్ది మిల్లీగ్రాముల పాదరసం, జడవాయువు ఉంటాయి, లోపలి గోడకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులనిచ్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది. వెలగడానికి వేయి వోల్టులకు పైగా కావాలి, వెలిగాక ఐదారు వందల వోల్టుల దగ్గర నిలుస్తుంది. ఆ వోల్టేజీని తయారుచేసేది తెర కిందో పక్కనో ఉండే ఇన్వర్టర్ అనే పొడవాటి సన్నని బోర్డు. ఏళ్లు గడిచేకొద్దీ ఎలక్ట్రోడులు అరుగుతాయి, పాదరసం కొంతకొంతగా గాజులోనూ లోహంలోనూ ఇంకిపోతుంది, నీలం పూత మిగిలినవాటికంటే ముందుగా నీరసిస్తుంది. అందుకే ముసలి తెర పసుపుగానో గులాబీగానో మారుతుంది. ఒక్కొక్కసారి గొట్టం బాగానే ఉండి ఇన్వర్టరే చచ్చిపోతుంది, లేదా అరిగిన గొట్టం అడిగే ఎక్కువ వోల్టేజీని గమనించి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. వెలిగి రెండు సెకన్లకు ఆరడం చాలాసార్లు ఈ రెండోదానికి గుర్తు. నాది అదే.

గొట్టం మార్చడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. అది సులభమైన పని అని చెప్పను. ప్యానెల్ చుట్టూ ఉండే రేకు చట్రాన్ని ఒక్కొక్క నొక్కు దగ్గరా మెల్లగా విప్పాలి, పొరల వరుస తారుమారు కాకుండా చూడాలి, ప్రిజం పొర మీద వేలిముద్ర పడకూడదు, దుమ్ము రేణువు ఒక్కటి లోపల మిగిలినా జీవితాంతం ఒక చుక్కగా కనిపిస్తుంది. గొట్టం రెండు చివర్లా వైర్లు అతికి, వాటిమీద సిలికాన్ తొడుగులు ఉంటాయి. పాత టంకం కరిగించేటప్పుడు చెయ్యి వణికితే గొట్టం పగిలి పాదరసం బయటికి వస్తుంది, కనుక కిటికీలు తెరిచి, పగిలితే ఎలా ఎత్తాలో ముందే ఆలోచించుకుని కూర్చోవాలి. కరెంటు తీసి, బ్యాటరీ కూడా తీసి, ఇన్వర్టర్‌ను కాసేపు అలా వదిలిన తర్వాతే చెయ్యి పెట్టాలి. ఇన్ని జాగ్రత్తల తర్వాత బిగించి మీట నొక్కినప్పుడు వచ్చిన తెలుపు, ఆ లాప్‌టాప్ కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో నాకు మొదటిసారి చూపించింది. అదే గాజు, అవే చుక్కలు, ఎప్పటినుంచో ఉన్న ఒక మొండి ఎర్రచుక్క కూడా అక్కడే ఉంది. ఇంకో యంత్రం దేనినీ ముట్టుకోనక్కర్లేదన్న తృప్తి ఆ వెలుతురులో ఉంది.

సరైన పొడవు, మందం గల గొట్టం దొరకనప్పుడు ఎల్ఈడీ పట్టీ పెట్టుకోవచ్చు. పట్టీని మూడు ఎల్ఈడీల గుంపు ముగిసేచోట కోసుకోవాలి, గొట్టం కూర్చున్న ప్రతిఫలన తొట్టిలోనే దాన్ని నిటారుగా అంటించాలి, ఇన్వర్టర్‌కు వచ్చే కరెంటు తీగ, ఆన్ ఆజ్ఞ, వెలుతురు స్థాయి చెప్పే తీగ మూడింటినీ కొత్త డ్రైవర్ బోర్డుకు ఇవ్వాలి. చాలా పాత లాప్‌టాప్‌లు వెలుతురు స్థాయిని మెల్లగా మారే వోల్టేజీగా చెబుతాయి, కొత్త డ్రైవర్లలో కొన్ని వేగంగా ఆరి వెలిగే పల్స్‌ను ఆశిస్తాయి. ఈ ఒక్క తేడా చూసుకోకపోతే తెర ఎప్పుడూ పూర్తి వెలుగులోనే ఉంటుంది, లేదా కళ్లు నొప్పెట్టేలా మినుకుమంటుంది. ఎల్ఈడీ పెట్టడం అసలు రూపాన్ని చెడగొట్టడమే అనే వాదన ఉంది. ఆ వాదనలో నాకు బలం కనిపించదు. పట్టీని రేపు ఊడదీయవచ్చు, గొట్టాన్ని తిరిగి పెట్టవచ్చు. విప్పదీయడానికి వీలున్న మార్పుకూ, వీల్లేని మార్పుకూ మధ్య ఉన్న తేడాయే నాకు ముఖ్యం. పాత ఇన్వర్టర్‌ను ఒక చిన్న సంచిలో వేసి, దానిమీద ఏ యంత్రానిదో రాసి దాచుకుంటే చాలు.

వెలుతురు తర్వాత ఎక్కువ తెరలను మింగేది పోలరైజర్ జబ్బు. దాని గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే దీన్ని చూసి భయపడి పారేసిన తెరల సంఖ్య తక్కువ కాదు. 1990ల తొలినాళ్ల లాప్‌టాప్ మూత తెరిచినప్పుడు పుల్లటి వెనిగర్ వాసన కొడితే, తెర మీద బుడగలు, చారలు, మబ్బులాంటి మచ్చలు కనిపిస్తే, గాజులో ఏదో కుళ్లిందని అనుకుంటాం. కుళ్లినది గాజు మీది పొర. అయోడిన్ రంగు పట్టించి సాగదీసిన పాలీవినైల్ ఆల్కహాల్ పొర వెలుతురును ఒకే దిశలో కంపించేలా వడకడుతుందని 1938లో ఎడ్విన్ ల్యాండ్ చూపించాడు. నేటికీ పోలరైజర్ లోపల ఉన్నది ప్రధానంగా ఆ పద్ధతే. ఆ సున్నితమైన పొరకు రెండువైపులా రక్షణగా సెల్యులోజ్ ట్రైఅసిటేట్ పొరలు అతికిస్తారు. వేడి, తేమ కలిస్తే ఆ ట్రైఅసిటేట్ విడిపోయి అసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, ఆ ఆమ్లమే మళ్లీ విడిపోవడాన్ని వేగిరపరుస్తుంది. పాత సినిమా రీళ్లను తినేసే వ్యాధి కూడా ఇదే. 1948లో ఈ పదార్థంతో ఫిల్ము రావడం మొదలైన పదేళ్లలోపే దాని శైథిల్యం గురించి మొదటి ఫిర్యాదు వేడి, తేమ ఎక్కువైన నిల్వగదుల నుంచి, భారత ప్రభుత్వం తరఫున, తయారీదారుకు చేరింది. కంప్యూటర్ తెర మీద మనం చూస్తున్నది అదే రసాయన చర్య, మరింత పలుచని పొరలో.

దీనికి చికిత్స ఉంది. చెడిన పోలరైజర్‌ను మూల నుంచి ఎత్తి, గాజుకు దాదాపు సమాంతరంగా, అంగుళం అంగుళం వెనక్కి లాగాలి. గాజు మందం ఒక మిల్లీమీటరు అటూఇటూ మాత్రమే, అంచున రిబ్బన్లు వేలాడుతుంటాయి, తొందరపడితే రెండూ పోతాయి. మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి తుడవాలి; ఈ దశలోనే అందరి ఓపికా తీరిపోతుంది. కొత్త పొర కోసే ముందు కోణం తేల్చుకోవాలి. పాత ముక్కను అక్షం తెలిసిన మరొక పోలరైజర్‌తో కలిపి తిప్పి చూస్తే, ఏ దిశలో పూర్తిగా నల్లబడుతుందో తెలుస్తుంది. టీఎన్ రకం గాజుకు సాధారణంగా 45 డిగ్రీల ఏటవాలు ఉంటుంది. లాప్‌టాప్‌లలో అంతకుముందు వాడిన ఎస్‌టీఎన్ రకం తెరలకు ఆ నియమం వర్తించదు, కొన్నిటికి రంగు సరిదిద్దే మరో పొర కూడా ఉంటుంది, దాన్ని పోలరైజర్‌తోబాటు ఊడదీసి పారేస్తే బొమ్మ నీలంగానో పసుపుగానో తేలుతుంది. కోణం 90 డిగ్రీలు తప్పితే నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారుతుంది. అలా మారితే కంగారు పడనక్కర్లేదు, అంటించే ముందు పొరను గాజు మీద ఊరికే ఉంచి, యంత్రం వెలిగించి చూసుకుంటే సరిపోతుంది. నేను ఈ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి అంచున రిబ్బన్ చీల్చి, ఆ గాజును చంపుకున్నాను. అందులో తప్పు నాదే. జిగురు నానకముందే లాగాను. రెండోసారి ఒక బుడగ మిగిలింది తప్ప తెర నిలిచింది, ఇప్పటికీ పనిచేస్తోంది.

తెర మీద పై నుంచి కింది దాకా ఒక నిలువు గీత వస్తే కథ వేరు. గాజుకూ రిబ్బన్‌కూ మధ్య వాహక కణాలు గల జిగురు పట్టీ ఉంటుంది, అది ఒక్కచోట పట్టు వదిలినా ఒక నిలువు వరుస మొత్తం మూగబోతుంది. అంచును వేలితో నొక్కితే గీత మాయమవుతుంది, వదిలితే వస్తుంది. వేడి చేసి అదిమితే కొన్నాళ్లు నిలుస్తుందనేవారున్నారు. నా అనుభవంలో అది నెలల మాట. గీత ఉన్న తెరను గీతతోనే వాడుకోవడం నాకు ఇబ్బందిగా లేదు.

గాజు పగిలితే మాత్రం వేరే దారి లేదు. ద్రవస్ఫటికం కారి నల్లని సిరా మరకలా పాకిన తెరను ఎవరూ బాగుచేయలేరు. అప్పుడు ప్యానెల్ మార్చడం సబబే, దాన్ని శ్రద్ధగా చేయాలి. ప్యానెల్ వెనుక చీటీ మీదున్న సంఖ్య మొత్తం రాసుకోవడం మొదటి పని. ఎల్‌పీ141ఎక్స్ అని మొదలైతే, ఎల్‌జీ ఫిలిప్స్ తయారీ, 14.1 అంగుళాలు, 1024×768 అని అర్థం. ఎల్‌టీఎన్ అంటే శామ్‌సంగ్, మొదట బీ ఉంటే ఏయూఓ అనే కంపెనీ. అయితే అసలు మెలిక చివరి అక్షరాల్లో ఉంటుంది. ఒకసారి నేను మొదటి ఎనిమిది గుర్తులు కలిసాయని చూసి ఒక వ్యాపారి దగ్గర ప్యానెల్ తెప్పించుకున్నాను. చివరి రెండు గుర్తులు వేరు. గాజు అదే, వెలుతురు అదే, కనెక్టర్ మాత్రం 30 పిన్నులకు బదులు 20 పిన్నులది, స్క్రూ చెవులు అరంగుళం పక్కన ఉన్నాయి. ఆ ప్యానెల్ ఏదో యంత్రం నుంచి ఊడదీసినదే. ఆ యంత్రానికి అది సరిపోయేది, నా దానికి సరిపోలేదు, రెండూ తెర లేకుండా మిగిలాయి.

కనెక్టర్ వెనుక ఉన్న సంగతి కూడా కొంచెం తెలియాలి. 1990ల మధ్య వరకు లాప్‌టాప్‌లు తెరకు ఒక్కొక్క రంగు బిట్‌కూ ఒక్కొక్క తీగ చొప్పున సమాంతరంగా పంపేవి. ఆనాటి ప్యానెళ్లలో చాలావాటికి 5 వోల్టుల కరెంటు, తర్వాతివాటికి 3.3. 1996లో నేషనల్ సెమీకండక్టర్ తెచ్చిన ఎఫ్‌పీడీ-లింక్ పద్ధతిలో ఒక జత తీగల మీద ఒక్కో గడియార స్పందనకు ఏడు బిట్లు పోతాయి. మూడు జతలు రంగుకు, ఒక జత గడియారానికి ఉంటే 18 బిట్ల రంగు వస్తుంది. 1024×768కు అది చాలు. 1400×1050 అనేసరికి సాధారణంగా రెండు వరుసలు కావాలి, అంటే కేబుల్‌లో జతలు రెట్టింపు కావాలి. నా ఎక్స్61కు ప్యానెల్‌తోపాటు కేబుల్ కూడా మార్చవలసి వచ్చింది అందుకే. తర్వాతి కాలపు ఎల్ఈడీ ప్యానెళ్ల 40 పిన్నుల కనెక్టర్‌లో వెలుతురుకు కావలసిన కరెంటు కూడా అదే కనెక్టర్ గుండా వస్తుంది. పాత కేబుల్‌ను దానికి అడ్డదిడ్డంగా అతికితే 3.3 వోల్టులు ఆశించే చోట ఇరవైకి దగ్గరగా పడి ప్యానెల్, బోర్డు రెండూ ఒక్కసారే పోతాయి. ఇక ప్యానెల్ తన కొలతలు చెప్పుకునే 128 బైట్ల చీటీ ఈడీఐడీ. కొత్త యంత్రాలు దాన్ని చదువుతాయి. అంతకుముందువి కొన్ని పిన్నుల స్థితిని చూసి బయాస్‌లో (యంత్రం వేయగానే మొదట నడిచే ప్రోగ్రాంలో) ముందే రాసి ఉన్న పట్టిక నుంచి కొలతలు ఎంచుకుంటాయి, ఆ పట్టికలో లేని ప్యానెల్‌ను అవి గుర్తుపట్టవు. ఈ కారణాలన్నిటి వల్ల పాత లాప్‌టాప్ ప్యానెల్ అనేది ఎటైనా తగిలించుకునే మానిటర్ కాదు, ఆ మదర్‌బోర్డుతో కలిసి ఒకే పరికరంగా రూపొందిన సగభాగం.

మెరుగైన తెర పెట్టుకోవాలనే కోరికకు ఇక్కడే నా అభ్యంతరం మొదలవుతుంది. పాత సాఫ్ట్‌వేర్ తన కాలపు చుక్కల లెక్కతో గీసుకున్నది. 640×480 తెర మీద 320×200 ఆట రెట్టింపై 640×400గా కూర్చుంటుంది, పైనా కిందా నలభై నలభై గీతలు నల్లగా మిగులుతాయి, మధ్యనున్న ప్రతి చుక్కా నిండుగా ఉంటుంది. అదే ఆటను 1400×1050 మీద సాగదీస్తే, ఒక చుక్క నాలుగుగా, పక్కది ఐదుగా పడుతుంది. అక్షరాలు ఒకటి లావుగా ఒకటి సన్నగా కనిపిస్తాయి. నా ఎక్స్61లో 1024×768 బొమ్మను నింపాలంటే ఒక్కో చుక్కను 1.37 రెట్లు చేయాలి. అందమైన ఆ కొత్త తెర మీద పాత వ్యవస్థ ఏదైనా మసకగానే కనిపిస్తుంది. 1995లో వచ్చిన, కీబోర్డు సీతాకోకచిలుకలా విచ్చుకునే థింక్‌ప్యాడ్ 701 రెండు రకాల తెరలతో అమ్ముడైంది, ఒకటి యాక్టివ్ మ్యాట్రిక్స్, మరొకటి నెమ్మదైన డ్యూయల్ స్కాన్. నెమ్మదైన దానిలో బాణపు గుర్తు వేగంగా కదిలితే కనబడకుండా పోతుంది. విండోస్‌లో బాణం వెనుక తోకలు వచ్చే అమరిక ఎందుకు పనికొస్తుందో ఆ తెర ముందు కూర్చుంటే గాని తెలియదు. ఆ మందకొడితనం కూడా ఆనాటి అనుభవంలో భాగమే అని నేను నమ్ముతాను.

దీనికి బలమైన జవాబు ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. యంత్రం అద్దాలబీరువాలో పెట్టుకునే బొమ్మ కాదు, వాడితేనే దానికి బతుకు. కంటికి హాయిగా ఉండే తెర లేకపోతే యజమాని దాన్ని మూలన పడేస్తాడు, అప్పుడు మొత్తం యంత్రమే చెత్తకు పోతుంది. ఇందులో నిజం ఉంది. రోజూ దానిమీద రాసుకునేవారికి నేను ఇచ్చే సలహా కొత్తగా తయారైన లేదా విస్తారంగా దొరికే గాజును ఎంచుకోమని. 2010 నాటి మొదటి ఐప్యాడ్‌లో ఉన్న 9.7 అంగుళాల 1024×768 ప్యానెల్ 4:3దే. అలాంటి ప్యానెల్‌ను ఒక కంట్రోలర్ బోర్డు సాయంతో పాత లాప్‌టాప్ మూతలో అమర్చినవారున్నారు. కోట్ల సంఖ్యలో అమ్ముడైన వస్తువు నుంచి తీసుకుంటే అరుదైనదేదీ నష్టపోదు. మూతను కోయకుండా, అసలు ప్యానెల్‌ను కేబుల్‌తో సహా భద్రపరిచి చేస్తే నాకు ఆక్షేపణ లేదు. ఎక్స్61 టాబ్లెట్ వంటి తక్కువ సంఖ్యలో మిగిలిన యంత్రం తలను తీసి, ఎక్కువ సంఖ్యలో ఉన్న మరో యంత్రానికి పెట్టడమే నేను వద్దంటున్నది. నేను చేసింది సరిగ్గా అదే.

ఆ టాబ్లెట్‌కు దాని ప్యానెల్‌ను తిరిగి ఇచ్చేయాలని ఈమధ్య నిర్ణయించుకున్నాను. మామూలు ఎక్స్61 పాత తెర అట్టపెట్టెలోనే ఉంది. దాని గొట్టం మార్చి, దాన్ని దాని చోటికి చేర్చాలి; మొదటే ఆ పని చేసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. రెండు కేబుళ్లలో ఒకటి కీలు దగ్గర కొంచెం నలిగింది, అది ముందు చూసుకోవాలి. గొట్టం మార్చిన 14.1 అంగుళాల లాప్‌టాప్ మూత లోపల, ఇన్వర్టర్ పక్కన, ఒక చిన్న కాగితం అంటించి ఉంచాను. గొట్టం పొడవు, మందం, మార్చిన తేదీ, ప్యానెల్ వెనుక ఉన్న పూర్తి సంఖ్య, ఎడమవైపు కింది స్క్రూ మిగతావాటికంటే పొట్టిదని ఒక హెచ్చరిక దానిమీద రాశాను. ఎక్స్61ల రెండింటి మూతల్లోనూ అలాంటి కాగితాలే పెట్టబోతున్నాను, ఏ ప్యానెల్ ఎక్కడిదో కూడా రాసి.